నడిచిందని ముందే రాశాను

జనవరి 19, సోమవారం

సెలవులు అయిపోయాయి. ల్యాబ్ తాళం తీసేసరికి ఇరవై నాలుగు కంప్యూటర్ల మీదా వేలితో పేరు రాయగలిగేంత దుమ్ము. తుడిచేసరికి మొదటి పీరియడ్ అయిపోయింది. నేను చదివిన చోడవరం కాలేజీలోనే, నేను కూర్చున్న ల్యాబ్‌లోనే ఇప్పుడు నేను ల్యాబ్ అసిస్టెంటుని. ఈ వాక్యం ఎన్నిసార్లు రాసుకున్నా బాగానే ఉంటుంది.

అక్టోబరులో విండోస్ పదికి కాలం చెల్లిపోయింది. పదకొండు వేద్దామంటే మన కంప్యూటర్లు ఎక్కించుకోవు, అంత పాతవి. ప్రిన్సిపాల్ గౌరీశంకర్ గారు అనకాపల్లి నుంచి పాత ఇనుము కొనే ఆయన్ని పిలిపించి చూపించారు. అప్పుడు నేనే వెళ్ళి, "లైనక్స్ వేస్తాను సార్, ఇంకో అయిదేళ్ళు పనిచేస్తాయి" అన్నాను. డిసెంబరంతా కూర్చుని వేశాను. ప్రాక్టికల్స్‌కి ఏ ఇబ్బందీ లేదు. కాని ఖాళీ పీరియడ్‌లో ల్యాబ్‌కి ఎవరూ రావడం లేదు. పిల్లలు ఆడుకునే ఆటలన్నీ విండోస్‌వే.

ఈ రోజు మూడో సంవత్సరం ఉదయ్‌కుమార్ గుమ్మంలో నిలబడి, "మేడమ్, మన ల్యాబ్ లైబ్రరీ అయిపోనాదండి. సైలెన్స్ అని బోర్డొకటి ఎట్టీండి" అన్నాడు. వాడికి సొంత గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంది. అందుకే అంత ధీమా.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారి నుంచి పిలుపు. ఫిబ్రవరి 21న వార్షికోత్సవం. ఈసారి చుట్టుపక్కల కాలేజీలతో వీడియో గేమ్ పోటీ పెడతారట. పిల్లలు ఓట్లేసి ఎంచుకున్న ఆట 'స్టార్మ్ జెట్టీ'. డిసెంబరులో వచ్చింది, ఉచితమే, విండోస్‌కి మాత్రమే. తుఫానులో రేవు దగ్గర చిన్న పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఒడ్డుకి తోసేసుకోవాలి.

"మన కంప్యూటర్లలో అవుతాదా రెజీనా?" అని అడిగారు.

"అవుతుంది సార్."

"అవుతే ఉంచుదాం. లేదంటే ఈ సామాను మనకెందుకు, ఇచ్చేద్దాం. రేపు సాయంత్రానికి రిపోర్టు రాసి ఇయ్యమ్మా."

సామాను వెళ్తే నేనూ వెళ్తాను. ల్యాబ్ లేని కాలేజీకి ల్యాబ్ అసిస్టెంటు ఎందుకు?

జనవరి 20, మంగళవారం

రిపోర్టు ఇచ్చేశాను. నాలుగు పేజీలు. మార్జిన్ గీసి, ప్రతి హెడ్డింగు కిందా పెన్సిల్ గీత పెట్టి, అచ్చం ప్రాక్టికల్ రికార్డులాగా రాశాను. లక్ష్యం. పరికరాలు. విధానం, ఆరు స్టెప్పులు. చివర, ఫలితం: పై విధానంలో అన్ని కంప్యూటర్లలోనూ ఆట విజయవంతంగా నడిచింది.

నేను ఇంటికి బయల్దేరేసరికి ఆట డౌన్‌లోడ్ ముప్ఫై ఒకటి శాతం అయింది.

ఇందులో తప్పేమీ లేదు. రికార్డు ఎప్పుడూ ఇలాగే రాస్తాం. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, ఫలితంతో సహా ఎక్కించి, ఆ తరువాతే ప్రయోగానికి వెళ్తాం. ఇంటర్‌లో లోలకానికి దారం కట్టక ముందే నా పుస్తకంలో గురుత్వ త్వరణం విలువ ఉంది. మా కంప్యూటర్స్ హెడ్ శివాజీ సార్ కూడా చివరి పేజీ తిప్పి, ఫలితం చూసి, సంతకం పెట్టేవారు. ఫలితం రాలేదని రాసిన రికార్డు ఇంతవరకు నేను చూడలేదు.

నడుస్తుంది. ఒక రోజు ముందు రాశాను, అంతే.

జనవరి 21, బుధవారం

డౌన్‌లోడ్ అయింది. నొక్కాను. నల్లటి కిటికీ ఒకటి వచ్చి వెంటనే పోయింది.

జనవరి 22, గురువారం

రాలేదు.

జనవరి 23, శుక్రవారం

రాలేదు. మూడు, పదకొండు, ఇరవై రెండు నంబర్లలో కూడా చూశాను. అదే నల్ల కిటికీ.

రెండో సంవత్సరం ప్రవల్లిక ఈ రోజూ మొదటి పీరియడ్‌కి అందలేదు. మాడుగుల నుంచి బస్సు. దారంతా చెరకు ట్రాక్టర్లు, వాటి వెనక ఈ బస్సు నడిచినట్టే వస్తుంది. క్లాసులోకి రానివ్వకపోతే ల్యాబ్‌లో నా పక్కన వచ్చి కూర్చుంటుంది. చాలాసేపు చూసింది.

"మేడమ్, అది వొచ్చి పోతంది గదండి. అంటే దానికి రావడం తెలుసు. ఉండడవే తెలీదు."

"నీకు ఫస్ట్ పీరియడ్ లాగా," అన్నాను.

"నాకు రావడం కూడా సరిగ్గా తెలీదండి," అంది. నవ్వుకున్నాం. ఇలాంటివాళ్ళకి ఇంట్లో కంప్యూటర్ లేదు. ఈ ల్యాబ్ పోతే వీళ్ళకి వేలు పెట్టడానికి కీబోర్డు ఉండదు.

జనవరి 24, శనివారం

మా నాన్న దావీదు చెరకు ట్రాక్టరు నడుపుతాడు. సంతకం పెట్టడం నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నేర్పాను. ఇప్పటికీ మూడు అక్షరాలూ మూడు సైజుల్లో పెడతాడు. బెల్లం గానుగ దగ్గర బండి ఖాళీ అయ్యేదాకా మిగతా డ్రైవర్లకి నా గురించి చెబుతూ కూర్చుంటాడట.

"సెప్పీసేనమ్మా. కొత్త ఆటంట, ఎవుల వల్లా అవలేదంట, మా గుంట కాయితం మీద రాసి ఇచ్చీసింది అని. నడిసింది గదా?"

"నడిచింది నాన్నా."

రాసి ఇచ్చేశాక ఇంట్లో ఇంకోలా చెప్పడం బాగుండదు.

జనవరి 26, సోమవారం

జెండా ఎగరేశాక అందరూ ఇళ్ళకి వెళ్ళారు. నేనూ, లడ్డూ పొట్లంతో ప్రవల్లికా ల్యాబ్‌కి వెళ్ళాం.

వచ్చింది!

విండోస్ ఆటని లైనక్స్‌లో నడిపించడానికి ప్రోటాన్ అని ఒకటి ఉంటుంది. ఆట మాట్లాడేది విండోస్ భాష, మన మెషీన్‌కి అర్థమయ్యేది లైనక్స్ భాష, మధ్యలో ఇది దుబాసీ. ఈ దుబాసీ బొమ్మలు గీయడానికి వల్కన్ అనే కొత్త పద్ధతి వాడుతుంది. మన పాత చిప్‌లకి ఆ పద్ధతి సగమే వచ్చు. అందుకే నల్ల కిటికీ. పాత పద్ధతిలోనే గీయమని ఆట సెట్టింగుల్లో ఒక్క లైను రాస్తే చాలట. ఎవరో ఎక్కడో ఒక పేజీ అడుగున రాసిపెట్టారు. వారం రోజులు ఆ పేజీ పైభాగం మాత్రమే చదివాను.

సముద్రం వచ్చింది, పడవలు వచ్చాయి, డోలు లాంటి సంగీతం వచ్చింది. ప్రవల్లిక నా చేతిలో లడ్డూ పెట్టి, అది నేను తినకముందే తీసుకుని తనే తినేసింది.

రిపోర్టు అబద్ధమని ఎవరైనా అనగలరా ఇప్పుడు? ఆరు రోజులు తేడా.

జనవరి 28, బుధవారం

ఆట కదులుతోంది కాని పెళ్ళి ఫోటోల ఆల్బమ్ తిప్పినట్టు కదులుతోంది. బొమ్మ సైజు తగ్గించాను, నీడలు తీసేశాను, వాన తీసేశాను. తుఫాను ఆటలో వాన లేదు. సముద్రం మాత్రం గులాబీ రంగులో ఉంది. ఎంత చేసినా నీలంలోకి రావడం లేదు.

"బాగుందండి మేడమ్. రోజ్ మిల్క్," అంది ప్రవల్లిక.

ఇద్దరం ఒకే కంప్యూటర్ మీద, ఎడమ వైపు కీలు తనవి, కుడి వైపు కీలు నావి పెట్టుకుని పదకొండు ఆటలు ఆడాం. తొమ్మిది తనే గెలిచింది. గుద్దడానికి ఎదురుగా రాదు. పక్కనుంచి నెమ్మదిగా ఆనుకుని, మనమే తిరిగి ఒడ్డెక్కేలా చేస్తుంది. నా చదువంతా అయ్యాక నేను మొదటిసారి ఆడిన వీడియో గేమ్ ఇది. ఆడుతున్నంతసేపూ ఇది ఉద్యోగం అన్న సంగతి గుర్తులేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

ఆట వచ్చిందని తెలిసి ల్యాబ్ నిండిపోయింది. నిలబడి చూసేవాళ్ళు కూడా ఉన్నారు. ఉదయ్‌కుమార్ వచ్చాడు. ఆరో నంబరు ముందు కూర్చుని, "సముద్రానికేటయ్యిందండి, తట్టు పోసిందేటి?" అంటూ ఆన్‌లైన్ అనే బొత్తాం నొక్కాడు.

నేను ఆ బొత్తాం ఇంతవరకు నొక్కలేదు.

తెర మీద సందేశంతో ఒక డబ్బా వచ్చింది. మోసాలు పట్టే కాపలా ప్రోగ్రాం ఈ మెషీన్‌లో మొదలవలేదు, కాబట్టి ఆన్‌లైన్ ఆటలోకి రానివ్వం అని.

"అదేటి మేడమ్, పోటీ ఆన్‌లైన్‌లోనే గదండి? ఆళ్ళు ఆళ్ళు ఆళ్ళ కాలేజీల్లో కూకోని ఆడతారు. కార్డులు కూడా అచ్చేసీసేరు."

"చూద్దాం," అన్నాను.

"ఏటి సూస్తారండి, అది మనల్ని నమ్మట్లేదు." వాడు వెటకారంగా అనలేదు. డబ్బాలో ఉన్నదే చదివాడు.

ఫిబ్రవరి 3, మంగళవారం

సర్దుకుంటుంది.

ఫిబ్రవరి 4, బుధవారం

చాలా పేజీలు చదివాను. ఈసారి అడుగు దాకా చదివాను. ఆ కాపలా ప్రోగ్రాం విండోస్ లోలోపలికి వెళ్ళి కూర్చుని, ఎవరైనా దొంగాట ఆడుతున్నారేమో చూస్తుంది. లైనక్స్‌లో అంత లోపలికి వెళ్ళలేదు. ఆట చేసినవాళ్ళే ఒప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళకి ఉత్తరం రాశాను. మీ ఉత్తరం మాకు ముఖ్యం అని ఒక మెషీన్ జవాబిచ్చింది.

దొంగాటలు ఆడేవాళ్ళ కోసం పెట్టిన తలుపు మనకి అడ్డం రావడం అన్యాయం. మేము ఏ మోసం చేశామని?

ఫిబ్రవరి 8, ఆదివారం

ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, ఎవరికైనా ప్రార్థనాంశాలు ఉన్నాయా అని అడిగారు. మా అమ్మ కరుణమ్మ లేచి నిలబడి, "మా అమ్మాయి కంప్యూటర్ల కోసం అయ్యగారూ, ఇరవై నాలుగు" అంది.

సంఘమంతా నావైపు తిరిగింది. పాస్టరు గారు ఒక్క క్షణం ఆలోచించి, ఇరవై నాలుగింటి కోసమూ ప్రార్థించారు.

బయటికి వచ్చాక, "ఎందుకమ్మా అలా చెప్పావు?" అన్నాను.

"నాలుగు రోజులై అన్నం కెలుకుతన్నావు గానీ తిండం లేదు. నాకు కంప్యూటర్ తెలీదు గానీ కంచం తెలీదేటే?"

అంతా బాగానే ఉందని చెప్పాను. బాగానే ఉంది. ఇంకా పదమూడు రోజులు ఉన్నాయి.

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్న వరండాలో ప్రిన్సిపాల్ గారు ఆపి, "నీ రిపోర్టు అందరికీ చూపిస్తన్నాను రెజీనా. కె.కోటపాడు కాలేజీ ప్రిన్సిపాల్ మా స్నేహితుడే, ఆళ్ళవీ ఇలాంటి పాత మెషీన్లే. ఫోటోలు తీసి పంపించేను. ఆళ్ళూ అలాగే చేసుకుంటన్నారు" అన్నారు. నేను థాంక్యూ సార్ అన్నాను.

మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్.

"రెజీనా మేడమ్ గారాండి? నా పేరు ఝాన్సీ అండి. కె.కోటపాడు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటునండి. మిమ్మల్ని ఇబ్బంది పెడతన్నానేటో."

లేదు, చెప్పండి అన్నాను.

"మీ రిపోర్టులో ఉన్నట్టే చేసేనండి. నాలుగో స్టెప్పు దాకా బాగానే వొస్తంది. ఆ తరవాత నల్లగా ఒకటొచ్చి పోతంది. తీసీసి మళ్ళీ మొదట్నుంచి చేసేనండి. ఆరుసార్లు చేసేను. మీ రాత చాలా నీట్‌గా ఉందండి, అర్థం కాకపోడానికేం లేదు. నేనే ఎక్కడో తప్పు చేస్తన్నాను. ఏటి తప్పో కొంచెం సెప్తారేటండి?"

నాలుగో స్టెప్పు తరువాతదంతా నేను ఊహించి రాసింది.

ఆ మాట నోటిదాకా వచ్చింది. "సాయంత్రం చూసి చెబుతాను" అని పెట్టేశాను.

ఇంటర్‌లో లోలకం ప్రయోగం నిజంగా చేసిన రోజు నాకు పుస్తకంలో ఉన్న విలువ రాలేదు. పక్క బెంచీ వాళ్ళకి కూడా రాలేదు. కాని వాళ్ళు పట్టించుకోలేదు, వాళ్ళ అన్నలూ అక్కలూ చదువుకున్నవాళ్ళు, ఇదంతా ఇంతేనని వాళ్ళకి ఎవరో చెప్పారు. నాకు చెప్పేవాళ్ళు లేరు. నా చేతిలోనే ఏదో తప్పుందనుకున్నాను. మా ఇంట్లో ఎవరూ చదవలేదు కాబట్టి ఇలాంటివి నా చేతికి రావేమో అనుకున్నాను. రెండేళ్ళు అనుకున్నాను.

ఝాన్సీ ఆరుసార్లు చేసింది.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఫోన్ చేశాను. చెప్పేశాను. ఆ రిపోర్టు ఆట డౌన్‌లోడ్ అవకముందు రాశానని, నల్ల కిటికీ నాకూ వచ్చిందని, పోగొట్టే లైను తరువాత దొరికిందని, ఆ లైను ఏమిటో చెప్పాను. ఆన్‌లైన్ ఎంత చేసినా రాదని కూడా చెప్పాను.

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"అయితే తప్పు నాది కాదన్నమాట," అంది.

"కాదండి."

"నాలుగు రోజులై మా సారు నన్ను తిడతన్నారండి. చోడవరం అమ్మాయికి వొచ్చింది, నీకెందుకు రాదు అని."

క్షమించమన్నాను. అటు కీబోర్డు చప్పుడు వినిపించింది, టకటకమని. ఆ తరువాత డోలు సంగీతం.

"మేడమ్, సముద్రం పింకు రంగులో వొచ్చిందండి. ఇది నా తప్పేనాండి?"

"అది ఎవరి తప్పూ కాదండి. నాకూ అంతే."

నవ్వింది. నేను ఊపిరి పీల్చుకుంటుండగానే, "మీ ప్రిన్సిపాల్ గారికి మీరే సెప్తారా, మా సారు సెప్పీమంటారా?" అంది.

ఫిబ్రవరి 11, బుధవారం

ప్రిన్సిపాల్ గారు ఈ రోజు బిజీగా ఉన్నారు. గది ముందు నుంచి మూడుసార్లు వెళ్ళాను. ఒక్కరే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. బిజీగానే ఉన్నారు.

ఫిబ్రవరి 12, గురువారం

వెళ్ళాను. శివాజీ సార్ కూడా అక్కడే ఉన్నారు. నిలబడే చెప్పాను. కూర్చోమన్నారు కాని కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది.

"సార్, నా రిపోర్టులో ఫలితం తప్పు."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీశారు. "తప్పంటే? ఆట నడుస్తంది కదేటి, పిల్లలు ఆడతన్నారు, నేను సూసేను."

"ఇప్పుడు నడుస్తోంది సార్, కొన్నిటిలో. ఆన్‌లైన్ నడవదు, ఎప్పటికీ నడవదు. నేను రాసినప్పుడు ఏదీ నడవలేదు. అప్పటికి డౌన్‌లోడే అవలేదు."

"మరి ఎలా రాసేవు?"

"రికార్డు రాసినట్టు రాశాను సార్."

శివాజీ సార్ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. బయట చూడడానికి సైకిల్ స్టాండు తప్ప ఏమీ లేదు.

"ఏటండి శివాజీ గారూ, మన దగ్గర రికార్డులు ఇలాగే రాస్తారా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"టైముండదు గదండి సార్," అన్నారు శివాజీ సార్, సైకిల్ స్టాండుతోనే.

ప్రిన్సిపాల్ గారు కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. అదే కష్టంగా ఉంది. "ఆరు కాలేజీలకి కార్డులు ఎల్లిపోయేయి. ఇనుము ఆయన ఇరవై మూడు సోమవారం వొస్తానన్నాడు. నేను వొద్దనలేదు, సూద్దాం అన్నాను. ఇప్పుడు నీ మాట ఏం పట్టుకుని నేను వొద్దనాలి?"

నిజంగా నడిచేదేమిటో మాత్రం చెప్పాను. ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని ఆడితే కాపలా ప్రోగ్రాంతో పని లేదు. ఆన్‌లైన్ బదులు అందరినీ ఇక్కడికే రమ్మంటే పోటీ జరుగుతుంది.

"ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరా? ఒకే కీబోర్డు మీదా?"

"అవును సార్."

"అబ్బాయీ అమ్మాయీ పడితే?"

నేను దీని గురించి ఆలోచించలేదు. కాపలా ప్రోగ్రాం కన్నా పెద్ద సమస్య ఇదేనని ఆయన ముఖం చూస్తే అర్థమైంది.

"రెండు కీబోర్డులు పెట్టవచ్చు సార్. ఒకే మెషీన్ రెండింటినీ తీసుకుంటుంది. ఎవరి కీలు వాళ్ళవి."

"వైరు ఎంత పొడుగుంటాది?"

"ఒకటిన్నర మీటరు సార్."

ఆయన చేతులు చాపి గాలిలో కొలిచి చూసుకున్నారు. "సరిపోతాది," అన్నారు. తరువాత, "కొత్త రిపోర్టు రాయి. ఈసారి సూసి రాయి. ఇరవై మూడో తారీకు సంగతి ఇరవై మూడుకి" అన్నారు.

బయటికి వచ్చాక శివాజీ సార్ వెనకాలే వచ్చారు. ఏదో అంటారనుకున్నాను. "సైకిల్ స్టాండుకి రేకులు మార్చాలి," అని వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 14, శనివారం

ఝాన్సీ వచ్చింది. ఆటోలోంచి బియ్యం సంచీ దించింది, అందులో పది కీబోర్డులు. వాళ్ళ ప్రిన్సిపాల్‌ని ఎలా ఒప్పించిందో తెలియదు. నాకన్నా రెండేళ్ళు పెద్ద, గట్టిగా మాట్లాడుతుంది, ఫోన్‌లో వినిపించిన మనిషే కాదు.

ఒక్కో మెషీన్ ముందూ ఇద్దరం పావుగంట ఆడాం. ఆడి, చూసి, అప్పుడు రాశాం. తను చెప్పింది, నేను రాశాను.

"ఒకటి, బాగుంది. రెండు, బాగుంది. మూడు, సౌండ్ లేదు. నాలుగు బాగుంది. అయిదు బంగారం. ఆరు బాగుంది గానీ ఫ్యాను పిండిమర తిరిగినట్టు తిరుగుతంది, అది కూడా రాయండి."

పందొమ్మిది బాగున్నాయి. మూడింటిలో సౌండ్ లేదు. ఏడు, పందొమ్మిది నంబర్లలో అసలు రాలేదు. ఆ రెండింటిలో ఆటే కాదు, ఏదీ సరిగ్గా రావడం లేదు, ఇన్నాళ్ళూ పిల్లలు వాటి ముందు కూర్చోకుండా తప్పుకుని వెళ్ళేవాళ్ళట. నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫలితం అన్న చోట 'రెండింటిలో రాలేదు' అని రాస్తుంటే చెయ్యి కొంచెం ఆగింది. అలవాటు లేని అక్షరాలు.

ఫిబ్రవరి 17, మంగళవారం

నాన్నకి చెప్పాను. ఆ రోజు నడవలేదని, నడిచిందని చెప్పానని. చెప్పులు విప్పుతూ విన్నాడు.

"ఇప్పుడు నడుస్తందా?"

"పందొమ్మిదిలో బాగా, మూడింటిలో సౌండ్ లేకుండా."

"రెండు పోయినట్టా?" అన్నాడు. లెక్కలు నేర్పింది నేను కాదు, బళ్ళ లోడు నేర్పింది. "పోనీలే. డ్రైవర్లకి సెప్తాన్లే. ఆళ్ళు నమ్మలేదులే అప్పుడు కూడా."

ఫిబ్రవరి 20, శుక్రవారం

రేపే. కుర్చీల మధ్య దూరం ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి చూసుకున్నారు. పన్నెండో నంబరు దగ్గర ఒక కుర్చీ ఇంకొంచెం జరిపించారు.

ఫిబ్రవరి 21, శనివారం

పది కంప్యూటర్లు నిన్ననే హాలులోకి తెచ్చి బల్లల మీద పెట్టాం. ఆరు కాలేజీల పిల్లలు. ఆన్‌లైన్ అయితే ఎవరి ల్యాబ్‌లో వాళ్ళు మూగగా కూర్చుని ఆడుకునేవాళ్ళు. ఇక్కడ ఒక్కో బల్ల వెనకా ఇరవై మంది, అందరికీ అభిప్రాయాలు ఉన్నాయి. గంట గడిచేసరికి కుర్చీలన్నీ దగ్గరికి వచ్చేశాయి. ఎవరు జరిపారో తెలియదు. ప్రిన్సిపాల్ గారు కూడా చూడలేదు, ఆయన అయిదో నంబరు వెనక నిలబడి, "ఎడమకి రా, ఎడమకి" అంటున్నారు.

ఉదయ్‌కుమార్ మొదటి రౌండులోనే ఓడిపోయాడు, ప్రవల్లిక చేతిలో. వాడి పడవ ఎవరూ గుద్దకుండానే ఒడ్డెక్కేసింది. అవమానం మరచిపోవడానికి మైకు తీసుకున్నాడు, అక్కడ బాగా రాణించాడు.

"రోజ్ మిల్క్ సముద్రంలో మాడుగుల పడవండి. ఎదురుగా రాదు. పక్కనుంచి వొచ్చి పలకరిస్తాది. పలకరించిందంటే మీ పని అయిపోనట్టే."

ఫైనల్స్‌లో ప్రవల్లిక, కె.కోటపాడు నుంచి గౌతమి అనే అమ్మాయి. పన్నెండో నంబరు. అది బాగున్న పందొమ్మిదిలో ఒకటి. అయిదు ఆటల్లో మూడు గెలవాలి. రెండూ రెండూ అయ్యాయి. అయిదో ఆట మధ్యలో, రెండు పడవలూ ఒకదానికొకటి ఆనుకుని ఉండగా, బొమ్మ నిలిచిపోయింది.

సంగీతం మాత్రం వస్తోంది. హాలంతా నావైపు చూసింది. వచ్చిన అతిథులు ముందు వరుసలో ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు, శివాజీ సార్. బల్ల పక్కన ఝాన్సీ.

"ఒక్క నిమిషమండి, మేడమ్ సూస్తన్నారు, వొచ్చేస్తంది," అన్నాడు ఉదయ్‌కుమార్.

ఒక్క నిమిషం, వచ్చేస్తుంది. నా నోట్లోనూ అదే ఉంది. వాడి చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"ఇది ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఎప్పుడు వస్తుందో కూడా తెలియదు. అయిదో నంబరు బాగుంది. అయిదో ఆట అక్కడ మొదటి నుంచి ఆడాలి. ఇద్దరికీ సమ్మతమేనా?"

ఇద్దరూ తలూపారు. గౌతమి తన కీబోర్డు ఊడదీసి చంకలో పెట్టుకుని బయల్దేరింది. హాలంతా కుర్చీలు ఎత్తుకుని అయిదో నంబరు వైపు కదిలింది. ఒక్కళ్ళు కూడా విసుక్కోలేదు. నేను ఆశ్చర్యపోయాను. ఇంత సులువని ఎవరూ చెప్పలేదు.

గౌతమి గెలిచింది. ప్రవల్లిక పక్కనుంచి ఆనుకోవడానికి వెళితే ఆ అమ్మాయి పడవ ఆపేసి ఊరికే నిలబడింది, అంతే, ప్రవల్లికే తిరిగి ఒడ్డెక్కింది. ఝాన్సీ ఈల వేసింది. ప్రవల్లిక నా దగ్గరికి వచ్చి, "పన్నెండులో అయితే నేనే గెలుద్దునండి మేడమ్" అంది. నిజమే కావచ్చు.

అంతా వెళ్ళిపోయాక కంప్యూటర్లు ల్యాబ్‌లోకి మోస్తుంటే ప్రిన్సిపాల్ గారు వచ్చారు. చేతిలో కొత్త రిపోర్టు, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"శివాజీ గారూ, ఆ ఇనుము ఆయనకి ఫోన్ చెయ్యండి. సోమవారం రెండే పట్టుకెళ్ళమనండి. మిగతావి ఇవ్వం."

"ఏ రెండు సార్?" అన్నారు శివాజీ సార్.

"ఏ రెండో ఈ గుంట రాసింది." కాగితం ఆయన చేతిలో పెట్టారు.

చేతిలో ఉన్న మానిటర్ బల్ల మీద పెట్టేశాను. అది పన్నెండో నంబరుదే.

"సార్," అన్నాను, "పన్నెండు బాగుందని అందులో రాశాను. ఈ రోజు ఆగిపోయింది."

"ఏటయ్యింది దానికి?"

"తెలియదు సార్."

"తెలిసేక రాయి," అని వెళ్ళిపోయారు.

పన్నెండు ఎందుకు ఆగిందో ఈ డైరీలో కూడా ఇంకా ఏమీ రాయడం లేదు.